ఏ లినక్సు వెయ్యమంటావ్?

"లినక్సు వేద్దామనుకుంటున్నా, ఏది వెయ్యమంటావ్?" అనే ప్రశ్న ఇరవయ్యేళ్ళుగా వింటూనే ఉన్నాను గానీ, 2025 అక్టోబర్ 14 తర్వాత విన్నంతగా ఎప్పుడూ వినలేదు. ఆ రోజుతో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే దానికి టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరయితే ఇంచుమించు ఎనిమిదో తరమో ఆ పైదో అయ్యుండాలి. దాంతో స్క్రీను చెదరకుండా, కీబోర్డు ఊడకుండా శుభ్రంగా పనిచేస్తున్న ల్యాప్‌టాపులు రాత్రికి రాత్రి ముసలివైపోయాయి. పారెయ్యడానికి మనసొప్పదు, కొత్తది కొనాలంటే జేబు ఒప్పుకోదు. అప్పుడు గుర్తొస్తుంది లినక్సు. దాంతోపాటు చుట్టాల్లో, స్నేహితుల్లో "కంప్యూటర్ల వాడు" ఎవడున్నాడా అని వెతికితే మనం గుర్తొస్తాం!

అడగడమే ఆలస్యం, జవాబులకేం కొదవ? పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఆఫీసులో పక్క సీటు కుర్రాడు ఆర్చ్ అంటాడు. ఇంకొకాయన ఫెడోరా అంటాడు. మరొకాయన నిన్నగాక మొన్న పుట్టిన డిస్ట్రో ఒకటి చూపించి "దీని యానిమేషన్లు చూడు" అంటాడు. అడిగినవాడు బిక్కమొహం వేసుకుని చివరికి ఆ పాత విండోసే ప్యాచుల్లేకుండా వాడుకుంటూ, దాంట్లోనే బ్యాంకు లావాదేవీలు చేసుకుంటూ ఉంటాడు. మన వాదులాట వల్ల జరిగే అసలు నష్టం ఇదీ.

నా జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. డెస్క్‌టాప్ మీద పని చేసుకోవాల్సిన మనిషికి డెబియన్ స్టేబుల్ గానీ, లినక్స్ మింట్ గానీ వెయ్యండి. లినక్సు బాగా తెలిసి, తన మిషన్ తనే చూసుకోగలవాడికి డెబియన్. తెలియనివాళ్ళకి మింట్. మిగతావి చెడ్డవని కాదు, వాటి గురించీ చెప్తాను.

నిలకడ అంటే ఏవిటి?

"స్టేబుల్" అన్న మాటని మనవాళ్ళు రెండు అర్థాల్లో కలగాపులగంగా వాడేస్తుంటారు. మొదటిది: క్రాష్ అవ్వదు, హ్యాంగ్ అవ్వదు. రెండోది: మారదు. ఈ రెండూ ఒకటి కాదు. డెబియన్ వాళ్ళు స్టేబుల్ అన్నప్పుడు వాళ్ళ ఉద్దేశం ముఖ్యంగా రెండోది.

అంటే ఇవాళ మీరు వేసుకున్న లిబ్రేఆఫీస్ ఏ వెర్షనో, ఏడాది తర్వాతా అదే ఉంటుంది. మెనూలు ఉన్నచోటే ఉంటాయి. మధ్యలో ఏదైనా భద్రతాలోపం బయటపడితే, కొత్త వెర్షన్ దింపకుండా, ఆ లోపం వరకూ సవరించే ముక్కని పాత వెర్షన్లోకే తెచ్చి అతికిస్తారు. అందుకే వెర్షన్ నంబరు పాతగా కనబడినా లోపల రిపేరు అయిపోయి ఉంటుంది. ఆఫీసుల్లో సెక్యూరిటీ స్కానర్ నడిపినప్పుడల్లా "మీ సర్వర్లో ఫలానా వెర్షన్ పాతది, ప్రమాదం" అని ఎర్రక్షరాల రిపోర్టు రావడం, మనం వెళ్ళి "నాయనా, అది ప్యాచ్ అయ్యింది" అని సంజాయిషీ ఇచ్చుకోవడం చాలామందికి అనుభవమే కదా. దాని వెనక ఉన్న పద్ధతి ఇదే. దీనికి బ్రౌజరొక మినహాయింపు. డెబియన్లో ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్ వస్తుంది. ఇంచుమించు ఏడాదికోసారి దాని పెద్ద వెర్షన్ మారుతుంది, మధ్యలో భద్రతా సవరణలు వస్తూనే ఉంటాయి.

మారకపోవడం కూడా ఒక గుణమేనా అంటారేమో. కొత్తొక వింత, పాతొక రోత అన్న సామెత మన వృత్తికి అతికినట్టు సరిపోతుంది. కానీ మీ ఆఫీసులో శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్లో మార్పు పెడతానంటే మీ మేనేజరు ఒప్పుకుంటాడా? సర్వర్ విషయంలో అంత జాగ్రత్త పడే మనం, ఇంట్లో అమ్మానాన్నలు వాడే కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి రోజుకో అప్‌డేట్ ఇచ్చే డిస్ట్రో పెట్టేసి చేతులు దులుపుకుంటాం. అక్కడేం పనిచెయ్యకపోయినా పేజర్ మోగదు కాబట్టి.

ఆ నిలకడ ఎలా వస్తుంది?

డెబియన్ని 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలెట్టాడు. ఇన్నేళ్ళలో వాళ్ళు ఒక పద్ధతి పట్టుకున్నారు. కొత్త ప్యాకేజీ ఏదైనా ముందు "అన్‌స్టేబుల్"లో దిగుతుంది. దానికి శాశ్వతంగా సిడ్ అని పేరు. టాయ్ స్టోరీ సినిమాలో బొమ్మలు విరగ్గొట్టే కుర్రాడి పేరు అది, సరిగ్గా పెట్టారు! అక్కడ కొన్ని రోజులు ఉండి, పెద్ద బగ్గులేవీ బయటపడకపోతే "టెస్టింగ్"లోకి జారుతుంది. సుమారు రెండేళ్ళకోసారి ఆ టెస్టింగ్‌ని గడ్డకట్టించి, అంటే కొత్తవి రానివ్వడం క్రమంగా తగ్గించేసి, ఉన్న బగ్గులు ఏరుకుంటూ కూర్చుంటారు. డెబియన్ 13కి ఈ ఫ్రీజు 2025 మార్చిలో మొదలైతే విడుదల ఆగస్టు 9న అయ్యింది. ఇంచుమించు ఐదు నెలలు కేవలం తుడవడం, కడగడం. దాదాపు 70 వేల ప్యాకేజీలు, 6.12 కెర్నల్. ఆ కెర్నల్ కూడా కెర్నల్ వాళ్ళు దీర్ఘకాలం చూసుకుంటామన్న వరసలోదే.

ఉబుంటు తన సరుకు డెబియన్ అన్‌స్టేబుల్ నుంచి తీసుకుని, దాన్ని తన పద్ధతిలో గట్టిపరుస్తుంది. మింట్ ఆ ఉబుంటు ఎల్‌టీఎస్ మీద కట్టిన ఇల్లు. కాబట్టి డెబియన్, ఉబుంటు, మింట్ అని కొట్టుకోవడం ఒకే ఇంట్లో తాతా, తండ్రీ, మనవడూ ఆస్తి కోసం కొట్టుకున్నట్టుంటుంది.

ఒకప్పుడు కొత్తదాని కోసం ఎందుకు పరిగెత్తాం?

ఇక్కడో మాట ఒప్పుకోవాలి. 2000ల్లో కొత్త వెర్షన్ వెంట పడడంలో అర్థం ఉంది. పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చిన లినక్స్ సీడీలతో కుస్తీ పట్టినవాళ్ళకి, 2004 అక్టోబర్లో మొదటి ఉబుంటు వచ్చాక ఇంటికి ఉచితంగా పోస్టులో పంపే ఆ సీడీల కోసం ఎదురుచూసినవాళ్ళకి ఇది బాగా తెలుసు. ఆ సీడీలు పంపడం 2011లో ఆపేశారు. ఆ రోజుల్లో వైఫై పనిచెయ్యడమే గగనం. సౌండ్ ఒక అప్లికేషన్లో వస్తే ఇంకోదాంట్లో రాదు. తెలుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. వత్తులు పక్కకి జరిగి, గుణింతాలు విడిపోయి "క్ష" కాస్తా ముక్కలై కనబడేది. అప్పటి ఫైర్‌ఫాక్స్‌లో పాంగో ఆన్ చేస్తే తప్ప అక్షరాలు సరిగ్గా కూడేవి కావు. అలాంటప్పుడు ఆరు నెలలకోసారి వచ్చే వెర్షన్లో నిజంగానే ఏదో ఒక కష్టం తీరేది. అప్పుడు డెబియన్ స్టేబుల్ మీద విసుగు కూడా న్యాయమే. 2002 జులైలో వుడీ వస్తే, తర్వాతి సార్జ్ రావడానికి 2005 జూన్ దాకా పట్టింది. మూడేళ్ళు!

ఇప్పుడా పరిస్థితి లేదు. డెబియన్ రెండేళ్ళ లయలో పడింది. డెబియన్ 12 నుంచి వైఫై వగైరాలకి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్లోనే ఇస్తున్నారు. 2022లో ఓటింగ్ పెట్టి మరీ నిర్ణయించుకున్నారు. తెలుగు ఖతులు ప్యాకేజీల్లోనే దొరుకుతాయి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సెట్టింగుల్లో ఉంటుంది. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్ళకి ఐబస్ ఉంది. రెండేళ్ళ నాటి డెస్క్‌టాప్‌కీ ఇవాళ్టి డెస్క్‌టాప్‌కీ తేడా చెప్పమంటే మామూలు మనిషి తల గోక్కుంటాడు. కొత్తదనం వల్ల వచ్చే లాభం తగ్గిపోయింది, దాని ఖర్చు మాత్రం అలాగే ఉంది. ఆ ఖర్చు మీ శనివారాలు.

ఆలస్యం కూడా కాపాడుతుంది

2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జీ వ్యవహారం మన ఫీల్డులో తెలియనివాళ్ళుండరు. ఫైళ్ళు కుదించే చిన్న లైబ్రరీ అది. దాంట్లోకి ఒకడు రెండేళ్ళకు పైగా మంచివాడిలా ప్యాచులు పంపి, నమ్మకం సంపాదించి, మెయింటెయినర్ హోదా పుచ్చుకుని, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ తన డెబియన్ సిడ్ మిషన్లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ ఓ అర సెకను ఎక్కువ తీసుకుంటోందేంటా అని తవ్వితే గుట్టు రట్టయ్యింది.

అప్పటికి ఆ వెర్షన్లు సిడ్‌లోకి, డెబియన్ టెస్టింగ్‌లోకి, టంబుల్‌వీడ్‌లోకి, ఫెడోరా రాబోయే వెర్షన్ల పరీక్షా రూపాల్లోకి వెళ్ళిపోయాయి. ఆర్చ్‌లోకీ వెళ్ళాయి గానీ, అక్కడ ఎస్‌ఎస్‌హెచ్ ఆ లైబ్రరీతో ముడిపడి లేకపోవడంతో ఆ దారి తెరుచుకోలేదు. డెబియన్ స్టేబుల్‌లో లేదు. అప్పటికి విడుదలై ఉన్న ఉబుంటు ఎల్‌టీఎస్‌లలో లేదు. వాళ్ళు తెలివైనవాళ్ళు కాబట్టి కాదు, నెమ్మదైనవాళ్ళు కాబట్టి. కొత్త సరుకు మన ఇంటికి చేరేలోపు పదిమంది కళ్ళబడే వ్యవధి దొరికింది. 24.04 బీటాని ఉబుంటు వాళ్ళు వారం వెనక్కి జరిపి, ప్యాకేజీలన్నీ మళ్ళీ కట్టుకున్నారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, దీంట్లో ఇంకో పాఠం కూడా ఉంది. ఆ దొంగని పట్టుకున్నది స్టేబుల్ వాడేవాడు కాదు, సిడ్ నడిపేవాడు. మనం అనుభవించే నిలకడ, ముందు నడిచేవాళ్ళు కాళ్ళకి గుచ్చుకున్న ముళ్ళు ఏరి పారేస్తే వచ్చింది. కాబట్టి ఆర్చ్, ఫెడోరా, టంబుల్‌వీడ్ వాడేవాళ్ళని వెక్కిరించకండి. వాళ్ళే లేకపోతే మన స్టేబుల్ కూడా లేదు. అయితే ఆ ముళ్ళదారిలో నడవాలని ఎవరికి వాళ్ళు నిర్ణయించుకోవాలి, వాళ్ళ తరఫున మనం నిర్ణయించకూడదు.

అలాగని స్టేబుల్ అంటే వేదవాక్కూ కాదు. 2006లో డెబియన్ వాళ్ళు ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో ఒక హెచ్చరిక పోగొట్టడానికని చేసిన చిన్న సవరణ వల్ల, తయారయ్యే తాళంచెవుల వైవిధ్యం దాదాపు ప్రాసెస్ నంబర్ల సంఖ్యకి పడిపోయింది. అంటే ముప్పై రెండు వేల చిల్లర. 2007లో వచ్చిన ఎచ్ స్టేబుల్‌లో ఆ లోపం హాయిగా కూర్చుంది. 2008 మే దాకా ఎవరూ కనిపెట్టలేదు. ఉబుంటుకీ పాకింది. ప్రపంచవ్యాప్తంగా అడ్మిన్లు తాళంచెవులు మార్చుకోవాల్సొచ్చింది. నిలకడ అంటే తెలిసిన తప్పులు మారకుండా ఉండడం, తెలియని తప్పులు కూడా మారకుండా ఉండడం. ఇది గుర్తుపెట్టుకుంటే అంధభక్తి రాదు.

ఎన్నేళ్ళు? మాట ఇచ్చింది ఎవరు?

డిస్ట్రో ఎంచుకునేటప్పుడు జనాలు వాల్‌పేపర్ చూస్తారు. చూడాల్సింది మద్దతు గడువు.

- డెబియన్ స్టేబుల్: మూడేళ్ళు పూర్తి మద్దతు, ఆపైన ఎల్‌టీఎస్ బృందం ఇంకో రెండేళ్ళు.
- ఉబుంటు ఎల్‌టీఎస్: ఐదేళ్ళు. ఉబుంటు ప్రో తీసుకుంటే పదేళ్ళు. సొంత వాడకానికి ఐదు మిషన్ల దాకా ప్రో ఉచితం.
- మింట్: తన కింద ఉన్న ఎల్‌టీఎస్ ఎంతకాలమో అంత. 2024 జులైలో మొదలైన 22 వరసకి 2029 దాకా.
- ఫెడోరా: ఒక్కో వెర్షన్‌కి సుమారు 13 నెలలు.
- ఉబుంటులో ఎల్‌టీఎస్ కాని వెర్షన్లు: 9 నెలలు మాత్రమే.
- ఆర్చ్, టంబుల్‌వీడ్: గడువంటూ లేదు. నది లాంటివి, ప్రవహిస్తూనే ఉంటాయి. ఈదడం రావాలి.

అంకెలతో పాటు చూడాల్సింది, ఆ మాట ఇచ్చింది ఎవరు అన్నది. 2019లో వచ్చిన సెంట్ఓఎస్ 8కి 2029 దాకా మద్దతు ఉంటుందని నమ్మి ఎంతమంది ఎన్ని మిషన్లు మార్చుకున్నారో మీకు తెలుసు. 2020 డిసెంబర్ 8న, 2021 ఆఖరుతో సరి, ఇకమీదట స్ట్రీమ్ మాత్రమే అని ప్రకటన వచ్చింది. ఏడేళ్ళకు పైగా గడువు ఒక్క ప్రకటనతో ఎగిరిపోయింది. తర్వాత ఆల్మా, రాకీ పుట్టి ఆ ఖాళీ పూడ్చాయి గానీ, పాఠం మాత్రం మిగిలింది. గడువు కాగితం మీద ఎంతుందన్నది సగమే. దాన్ని మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది మిగతా సగం.

ఈ లెక్కన డెబియన్ మీద నా నమ్మకం ఎక్కువ. దానికి యజమాని లేడు. ప్రతి ఏడూ సభ్యులు ఓటేసి నాయకుణ్ణి ఎన్నుకుంటారు. 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందం ఉంది. అందులో వాడుకరులకీ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కీ మా ప్రాధాన్యం అని చెప్పుకున్నారు. దాన్ని ఎవరూ కొనెయ్యలేరు, బోర్డు మీటింగులో మూసెయ్యలేరు. మింట్ చిన్న బృందం, విరాళాల మీద నడిచేది. వాళ్ళ దూరదృష్టి నాకు నచ్చుతుంది. ఉబుంటు ఆధారం పోతే ఏం చెయ్యాలి అనుకుని, నేరుగా డెబియన్ మీద కట్టిన ఎల్‌ఎండీఈ అనే ఇంకో మింట్‌ని కూడా పక్కన నడుపుతున్నారు. మన ఇళ్ళలో బోరు ఉన్నా బావి పూడ్చకుండా ఉంచేవాళ్ళు చూడండి, అలా.

ఉబుంటు ఎల్‌టీఎస్ గట్టిదే. కాకపోతే 22.04 నుంచి మామూలుగా వచ్చే ఫైర్‌ఫాక్స్ స్నాప్ రూపంలో ఉంటుంది. పాత హార్డ్ డిస్కున్న మిషన్లో మొదటిసారి తెరుచుకోవడానికి అది తీసుకునే టైము చూసి విసుగొస్తుంది. మింట్ వాళ్ళు 2020 నుంచే స్నాప్‌ని దానంతటది రాకుండా ఆపేశారు. తెలియనివాళ్ళకి మింట్ చెప్పడానికి నాకున్న కారణాల్లో అదొకటి. ఇంకోటి టైమ్‌షిఫ్ట్. అప్‌డేట్ తేడా చేస్తే నిన్నటి స్థితికి వెనక్కి వెళ్ళిపోవచ్చు. మూడోది, విండోస్ అలవాటైన చేతికి సినమన్ డెస్క్‌టాప్ కొత్తగా అనిపించదు. కింద పట్టీ, మూల మెనూ, గడియారం కుడివైపు. ఫోన్లో "అక్కడ ఎడమ మూల నొక్కండి బాబాయ్" అని చెప్పగలిగితే చాలు, సగం గెలిచినట్టే.

"మరి పాత సాఫ్ట్‌వేరుతో ఎలా బతకాలి?"

ఇది ప్రతి డెవలపరూ అడిగే ప్రశ్న. నేనూ కోడు రాసుకుని బతికేవాణ్ణే కాబట్టి చెప్తున్నా. కింది నేల కదలకుండా ఉండాలి, పైన సామాన్లు ఎన్నైనా మార్చుకోవచ్చు. ఈ రెండూ విడదీసుకునే సదుపాయం ఒకప్పుడు లేదు, ఇప్పుడుంది. కొత్త వీడియో ఎడిటరో, కొత్త లిబ్రేఆఫీసో కావాలంటే ఫ్లాట్‌హబ్ నుంచి ఫ్లాట్‌పాక్‌గా వేసుకోవచ్చు. కొత్త పైథాన్, కొత్త నోడ్, కొత్త కంపైలర్ కావాలంటే కంటైనర్లో పెట్టుకోండి. డిస్ట్రోబాక్స్ వాడితే డెబియన్ మీద కూర్చునే లోపల ఒక ఆర్చ్ నడుపుకోవచ్చు. అది పాడైతే డిలీట్ చేసి మళ్ళీ కట్టుకోండి, మీ డెస్క్‌టాప్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. సిస్టం పైథాన్ మీద మాత్రం చెయ్యి వెయ్యకండి. డెబియన్ 12 నుంచి అసలు పిప్ కూడా ఊరికే వెయ్యనివ్వదు, "వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకోవయ్యా" అంటుంది. మంచి పనే చేశారు.

రెండో అభ్యంతరం నిజంగా బలమైనది: కొత్త హార్డ్‌వేర్. ఈ మధ్యే మార్కెట్లోకొచ్చిన ల్యాప్‌టాప్ కొన్నారనుకోండి, దాని వైఫై చిప్పో గ్రాఫిక్సో స్టేబుల్ కెర్నల్‌కి తెలియకపోవచ్చు. డెబియన్లో బ్యాక్‌పోర్ట్స్ నుంచి కొత్త కెర్నల్ తెచ్చుకోవచ్చు, ఉబుంటు ఎల్‌టీఎస్‌కీ మింట్‌కీ హెచ్‌డబ్ల్యూఈ కెర్నళ్ళున్నాయి. అవీ చాలకపోతే మొహమాటం లేకుండా ఫెడోరా వేసుకోండి. ఆరు నెలలకోసారి వస్తుంది, పద్ధతైన డిస్ట్రో. ఏడాదికోసారి అప్‌గ్రేడ్ చేసుకునే ఓపిక ఉంటే చాలు. ఆర్చ్ నేర్చుకోవాలనే కోరిక ఉన్న కాలేజీ కుర్రాళ్ళు తప్పకుండా ఆర్చ్ వేసుకోవాలి, లినక్సు లోపల ఏముందో తెలుస్తుంది. కానీ అప్‌డేట్ చేసేముందు వాళ్ళ హోంపేజీలో వార్తలు చదవమని ఆర్చ్ వాళ్ళే చెప్తారు. మా పెద్దమ్మ అప్‌డేట్ ముందు ఆ వార్తలు చదువుతుందంటారా?

వేసే ముందు

నేను ఎవరికి వేసినా ఈ వరస తప్పను.

1. ముందు డేటా బయటి డిస్కులోకి. పెళ్ళి ఫోటోలు పోతే ఏ డిస్ట్రో తిరిగివ్వలేదు.
2. ఐఎస్ఓ అసలు చోటు నుంచే దింపి, చెక్‌సమ్ సరిచూడాలి. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైటునే దొంగలు ఆక్రమించి, కొన్ని గంటలపాటు కల్తీ ఐఎస్ఓ ఇచ్చారు. చెక్‌సమ్ చూడడానికి అర నిమిషం, దాని మీద సంతకం కూడా చూస్తే ఇంకో నిమిషం.
3. ఇన్‌స్టాల్ చెయ్యకుండా లైవ్ యూఎస్‌బీ మీద ఓ గంట నడపాలి. వైఫై, సౌండ్, కెమెరా, మూత మూసి తెరిస్తే నిద్ర లేస్తోందా, ప్రింటర్, స్కానర్, తెలుగు టైపింగ్. అన్నీ.
4. ఆ ఇంట్లో లినక్సు మీద జరగని పని ఏదైనా ఉందా అని అడగాలి. టాలీలో లెక్కలు చూసుకునేవారు, డిజిటల్ సంతకం టోకెన్‌తో పని ఉన్న ఆడిటరు, ఫోటోషాప్ మీద బతికే స్టూడియో ఆయన ఉంటే, మార్చమని చెప్పకండి. వాళ్ళ పొట్ట మన సిద్ధాంతం కన్నా ముఖ్యం.
5. హార్డ్ డిస్క్ పాతదైతే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించాలి. డిస్ట్రో మారిస్తే వచ్చే వేగం కన్నా దీంతో వచ్చే వేగం చాలా ఎక్కువ. ర్యామ్ 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ. అయినా బ్రౌజర్లో ఇరవై ట్యాబులు తెరిస్తే ఏ డెస్క్‌టాపూ కాపాడదు.
6. బాగా పాత 32-బిట్ ప్రాసెసర్ అయితే డెబియన్ 13కి ఇన్‌స్టాలరే లేదు, 12తోనే ఆపేశారు.
7. అప్‌గ్రేడ్ తేదీ క్యాలెండర్లో రాసుకోవాలి. డెబియన్లో 11 నుంచి 13కి గెంతడం కుదరదు, ఒక్కో మెట్టూ ఎక్కాలి. ఐదేళ్ళ మద్దతు అంటే ఐదేళ్ళు మర్చిపోవచ్చని కాదు.

ఫోన్ ఎవరెత్తుతారు?

నేను చూసినంతలో, ఇళ్ళలో లినక్సు ఓడిపోవడానికి కారణం సాఫ్ట్‌వేర్ కానేకాదు. పండక్కి ఊరెళ్ళిన కొడుకో అల్లుడో ఉత్సాహంగా తనకిష్టమైన డిస్ట్రో వేసేసి, మూడు రోజుల్లో బెంగళూరో డాలసో వెళ్ళిపోతాడు. రెండు నెలలకి ఏదో అప్‌డేట్ తర్వాత స్క్రీను నల్లగా ఉండిపోతుంది. ఫోన్ చేస్తే ఇతను మీటింగులో ఉంటాడు, లేదా అక్కడ అర్ధరాత్రి. ఆయన వీధి చివర కంప్యూటర్ షాపుకి తీసుకెళ్తాడు. షాపు కుర్రాడు ఐదొందలు తీసుకుని, ఎక్కడిదో తెలియని విండోస్ వేసి ఇస్తాడు. ఆ తర్వాత జన్మలో ఆ ఇంట్లో లినక్సు మాట ఎత్తనివ్వరు. ఇది ఒక్క ఇంటి కథ కాదు.

ఇంకొకరి మిషన్లో ఆపరేటింగ్ సిస్టం వెయ్యడమంటే మీరు వాళ్ళకి సిస్టం అడ్మిన్‌గా చేరినట్టు. జీతం లేదు, నోటీస్ పీరియడ్ లేదు. ఆ కొలువులో మీకు ఫోన్లు తక్కువ రావాలన్నా, వాళ్ళకి ఇబ్బంది తక్కువ ఉండాలన్నా, తక్కువ మారేదాన్ని వెయ్యడమే దారి. డిస్ట్రోల గొప్పతనాన్ని మనం ఫీచర్లతో కొలుస్తాం. ఆ కంప్యూటర్ ముందు కూర్చునే పెద్దాయన మాత్రం, నిన్న కరెంటు బిల్లు కట్టిన చోటే ఇవాళా బటన్ ఉందా లేదా అన్నదాంతో కొలుస్తాడు. ఆయన కొలతే సరైనదని నా అభిప్రాయం.

మీ సొంత ల్యాప్‌టాప్ మీద మీ ఇష్టం, వారానికో డిస్ట్రో మార్చుకోండి, ఎవరు కాదన్నారు? ఇంట్లోవాళ్ళకి మాత్రం బోరు కొట్టేదే వెయ్యండి. వేశాక రూటర్ పక్కన ఒక కాయితం అంటించండి: ఏ డిస్ట్రో, ఏ వెర్షన్, మద్దతు ఏ నెలతో అయిపోతుంది, మీ ఫోన్ నంబరు. మళ్ళీ సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ కాయితం చూసి, అరిసెలు తినే ముందో తిన్న తర్వాతో ఓ గంట కూర్చుని అప్‌డేట్లు సరిచూసి రండి.